ఇరవై మూడో పోగు

దెయ్యాలనీ, గాలి సోకిందనీ ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. నేను గుంటూరులో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్టుని. రేడియేషన్ ఎక్కడ ఎంత పడాలో లెక్క వేసి, మెషీన్ అలాగే వేస్తోందో లేదో చూడటం నా పని. కొలవనిదే దేన్నీ నమ్మను.

మెషీన్ తలలో సన్నటి లోహపు రేకులు అటు అరవై, ఇటు అరవై ఉంటాయి. అవి కదులుతూ కిరణాల్ని గడ్డ మీదికి వదిలి, పక్కనున్న మంచి భాగాలకి అడ్డం నిలుస్తాయి.

వీరయ్య గారు చీరాల నుంచి వచ్చారు. నలభై ఏళ్ళు మరమగ్గాల షెడ్డులో పనిచేసిన మనిషి. గొంతులో గడ్డ. దాని వెనకే వెన్నుపాము. అక్కడ రోజూ హద్దు మించి డోసు పడితే చేతులు చచ్చుబడే ప్రమాదముంది. నేతగాడికి చేతులు పోతే ఇంకేముంది? అందుకే ఆయన ప్లాన్ మూడుసార్లు తిరగరాశాను.

ఏడో రోజు చికిత్స అయ్యి, మొహానికి బిగించిన మాస్కు తీయగానే నన్ను పిలిపించారు.

"అమ్మా, నీ మిషన్లో ఎడమ వరస ఇరవై మూడో పోగు తేడాగా ఉంది. చూసుకో" అన్నారు, బొంగురు గొంతుతో.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మాస్కులో కళ్ళు మూసుకుని పడుకున్న మనిషికి రేకులెలా కనపడతాయి? అయినా సాయంత్రం, కిరణాలు పడ్డ చోట నల్లబడే ఫిల్ము పెట్టి పరీక్షించాను. అన్నీ గీత గీసినట్టున్నాయి. పెద్దాయన చాదస్తం అని నవ్వుకున్నాను.

మర్నాడు ఆయన బల్ల ఎక్కనన్నారు. భార్య కోటమ్మ గారు బతిమాలినా కదల్లేదు. "ముందు అది చూడమను" అని ఒకటే మాట. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు. సరే, ఈయన నోరు మూయిద్దామని ఖాళీ బల్ల మీద ఫిల్ము పెట్టి ఆయన ప్లానే నడిపించాను.

స్క్రీన్ మీద అంతా సవ్యంగానే ఉంది. ఫిల్ము మీద లేదు. ఒక రేకు వెనకబడి, సరిగ్గా వెన్నుపాము ఉండే చోట నల్లటి చార పడింది. లెక్కపెట్టాను. ఎడమ వరస, ఇరవై మూడు.

ఇంజనీరు వచ్చి మోటారు మార్చాకే చికిత్స మళ్ళీ మొదలైంది.

మగ్గాల మధ్య బతికిన చెవి కదా, మోటారు చప్పుడులో తేడా పట్టేసి ఉంటుంది, నంబరు కాకతాళీయం అని తేల్చేశాను. అదే మాట దర్జాగా కోటమ్మ గారికి చెప్పాను.

ఆవిడ నావంక వింతగా చూసింది. "చెవా? అయ్యో అమ్మా, ఆ షెడ్డు మోతకి ఆయన చెవులు పోయి పదేళ్ళయిందండీ. మీ పెదాలు చూసి తలూపుతారంతే."

రెండు ఫిల్ములూ నా బీరువాలోనే ఉన్నాయి. ఆయన చెప్పిన రోజుది బాగుంది. మర్నాటి దాని మీద ఆ చార ఉంది. మొన్న రివ్యూకి వచ్చినప్పుడు, మీకెలా తెలిసిందని కాగితం మీద రాసి చూపించాను.

మళ్ళీ మగ్గం పట్టిన చేతులతో కాగితం మడిచి నాకే ఇచ్చేశారు. "పోగు తెగేముందు తెలీకపోతే ఇన్నేళ్ళూ ఏం నేశానమ్మా?"

దెయ్యాల్ని నేనిప్పటికీ నమ్మను. దీనికి మాత్రం నా దగ్గర లెక్క లేదు.