రెండు నిమిషాల మర్యాద

తమ్ముడు దుబాయ్ నుంచి వచ్చాక కొనుక్కున్న చిన్న టర్బో కారు ఈ రోజు నీలం పొగ కక్కింది. ఇంజన్ వెయ్యి సీసీ కూడా లేదు, లాగుడు మాత్రం పెద్ద కారుకు తీసిపోదు. ఇద్దరం కరీంనగర్‌లో మెకానిక్‌కు చూపించాం.

అతను విప్పి చూసి, "టర్బో బేరింగ్ కాలిపోయింది. దూరంకెళ్లి అచ్చి, ఆగంగనే బంద్ చేస్తుండ్రా? రెండు నిమిషాలు ఇంజన్ నడవనియ్యాలె. లేకుంటే టర్బో వేడికి లోపల ఆయిల్ మాడుతది" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. మొదట్లో తమ్ముడు ఇంటి ముందు కారు ఆపి, ఇంజన్ నడుస్తుండగా అట్లాగే కూర్చునేవాడు. మా బాపు ఎదురొచ్చి గుమ్మంలో నిలబడ్డా వీడు దిగడం లేదని ఓ రోజు నాకు ఒళ్లు మండింది. "గల్ఫ్ పోయినంక గింత పొగరా? బంద్ చేసి దిగు!" అని అందరి ముందూ తిట్టాను. వాడేదో చెప్పబోయాడు, నేను విననే లేదు. అప్పటి నుంచి కారు ఆగగానే తాళం తిప్పి దిగేవాడు.

"గీ ముచ్చట నాకు తెల్వలే భాయ్, తప్పు నాదే" అన్నాడు తమ్ముడు మెకానిక్‌తో, నా వైపు చూడకుండా.

కారు అక్కడే వదిలి బస్సులో ఇంటికొచ్చాం. కిటికీ సీటు కూడా నాకే ఇచ్చాడు. తమ్ముడితో తప్పయిందని చెప్పిన అన్నలు మీలో ఎవరైనా ఉంటే, ఆ మాట ఎట్లా మొదలుపెట్టారో జర చెప్పండి.