ఆ వయొలిన్ ఎవరిది?

2023. జూబ్లీహిల్స్‌లో ఒక కెఫే మేడ మీద శనివారం సాయంత్రం కచేరీలకు నేను సౌండ్ ఇంజనీర్‌ని. మిగతా రోజుల్లో ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో రికార్డింగ్ పని. వయొలిన్ వాయించే సుహాసిని గారు అక్కడే పరిచయం. ఆవిడ వాయించిన పాటలు ఊరంతా పాడుకుంటుంది, ఆవిడ పేరు మాత్రం ఎవరికీ తెలియదు. సెషన్‌కి, అంటే ఒక పూట రికార్డింగ్‌కి, ఇంత అని చేతిలో పెట్టి పంపేస్తారు. కీబోర్డులోనే వయొలిన్లు పలకడం మొదలయ్యాక ఆ సెషన్లూ తగ్గిపోయాయి. అందుకే ఆవిడను కెఫేకి తీసుకొచ్చాను.

కెఫే యజమాని యాదగిరన్న మంచివాడే. పాటకు విడిగా డబ్బు ఇవ్వాలంటే మాత్రం ఆయనకు మింగుడుపడదు. "కాఫీ తాగనీకి వచ్చినోళ్లు పాటకు పైసలిస్తరా? ఈ వారం చూస్త. ఎవ్వరూ ఇయ్యకపోతే వచ్చే వారం నుంచి స్పీకర్ల పాటలు పెడ్త," అని తేల్చేశాడు.

బల్లల మీద క్యూఆర్ కోడ్ పెడదామంటే సుహాసిని గారు మొహం ముడుచుకున్నారు. "హుండీ పెట్టుకుని వాయించాలాండీ నేను?"

నాకు ఒళ్లు మండింది. వందలు పోసి కాఫీ తాగితే దర్జా, వయొలిన్‌కి ఇస్తే ముష్టా? ఎలాగోలా ఒప్పించాను.

ఆ సాయంత్రం ఆవిడ మోహన రాగం ఎత్తుకున్నారు. తీగల మీద కమాను కదులుతోందా లేదా అన్నంత మెల్లగా ఆలాపన సాగుతోంది. సరిగ్గా అప్పుడే, "యాభై రూపాయలు అందాయి!" అని ఒక అరుపు. డబ్బు పడగానే చెప్పే సౌండ్‌బాక్స్‌ని, అందరికీ వినబడాలని, యాదగిరన్న తీసుకెళ్లి మైకు పక్కనే పెట్టాడు మహానుభావుడు! నేను ఫేడర్, అంటే మైకు శబ్దం తగ్గించే మీట, దించేలోపే ఇంకో పది రూపాయలు కూడా అందాయి. జనం పగలబడి నవ్వారు.

సుహాసిని గారు వయొలిన్ దించారు. లేచి వెళ్లిపోతారనుకున్నాను. ఆవిడ మైకు దగ్గరకు జరిగారు.

"ఆ డబ్బా ఆపేయండి. ముందు వినండి. నచ్చితే వెళ్లేటప్పుడు ఇవ్వండి. నచ్చకపోతే మానేయండి, నేనేమీ అనుకోను."

ఆ మాట అని, మోహన పక్కనపెట్టి, ఆ ఏడాది ఆటోల్లో, పెళ్లిళ్లలో మోగిపోయిన ఒక సినిమా పాటలోని వయొలిన్ బిట్ అందుకున్నారు. ముందు బల్ల దగ్గరి అమ్మాయి ఎగిరి లేచింది.

"అయ్యో, ఆ బిట్ మీరా వాయించింది!"

"నేనేనమ్మా."

ఇక చూడండి! ఒకటి తర్వాత ఒకటి, వాళ్లు పాట పేరు చెప్పడం, ఆవిడ వాయించడం. స్టూడియోలో ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు. కచేరీ అయ్యాక గుమ్మం దగ్గరి బల్ల మీది క్యూఆర్ కోడ్ ముందు వరస కట్టారు. సంతోషం పట్టలేక నేనూ వెళ్లి నిలబడ్డాను.

"వచ్చే శనివారం గూడ రావాలె మేడమ్," అన్నాడు యాదగిరన్న.

"వస్తానండీ. కానీ వీళ్లిచ్చింది నా పాటకి. నా పూటకి మీరివ్వాలి కదా?"

ఆయన తల గోక్కుని, నవ్వేసి, అందరి ముందే సరేనన్నాడు.

వినేవాళ్లకు డబ్బివ్వడానికి చెయ్యి రాదని సంగీతం వాళ్లమంతా అనుకుంటూ వచ్చాం. ఎవరికి ఇవ్వాలో వాళ్లకు మేమెప్పుడూ చెప్పలేదు, అంతే.