పొగ చేపల వాసనకు టికెట్టు

జర్మనీలో మేముండే మాగ్డెబర్గ్‌లో మా ఆవిడ ఉమ ఎండు నెత్తళ్ళు వేయించడంతో ఈ ప్రయాణం మొదలైంది. రోజూ కిటికీలు బార్లా తెరిచి గదిలో గాలి మార్చాలని మా అద్దె ఒప్పందంలో ఉంది. ఉమది బాపట్ల, చెప్పిన నియమం తప్పని మనిషి. నెత్తళ్ళు పెనం మీద వేసి మరీ కిటికీలు తెరిచింది. వాసన తిన్నగా పై అంతస్తు వాళ్ళ పడగ్గదిలోకి పోయింది. సాయంత్రానికల్లా ఇంటి యజమాని మా గుమ్మంలో నిలబడి, ఇంకోసారి ఇలా జరిగితే వేరే ఇల్లు చూసుకోమన్నాడు. మనలాంటి వాళ్ళకు ఇల్లు దొరకాలంటే తాతలు దిగిరావాలి. అప్పట్నుంచి ఉమ తాలింపు కూడా మానేసింది. పెరుగన్నం, బ్రెడ్డుతో గడుపుతున్నాం.

బాల్టిక్ తీరంలో ఒక పల్లెలో చేపలకు పొగపెట్టే పాత ఇంటిని మ్యూజియం చేశారని తెలిసి, ఒక శనివారం బయల్దేరాం. పొద్దున్నే ఎస్-బాన్ లోకల్ రైల్లో విట్టెన్‌బర్గె, అక్కడ మారి విస్మార్, ఆపైన బస్సు. దేశమంతా చెల్లే నెల పాసు, డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే దారిఖర్చు విడిగా ఉండదు. కానీ శనివారం బస్సులు తక్కువ, విస్మార్‌లో గంటసేపు పడిగాపులు పడ్డాం.

"మ్యూజియం స్టాప్ వస్తే కాస్త చెప్తారా?" అని డ్రైవర్‌ని అడిగాను.

"చెప్పక్కర్లేదు, వాసనే చెప్తుంది" అని నవ్వాడు. ఉమ నవ్వలేదు.

ప్రవేశం మనిషికి ఐదు యూరోలు. ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ మమ్మల్ని మసిబారిన గదిలోకి తీసుకెళ్ళింది. ఇక్కడ పంట పండేది కొన్ని నెలలేనట. మిగతా కాలమంతా ఉప్పు చేప, పొగ చేప, పులియబెట్టిన క్యాబేజీ, నల్ల రొట్టె. యుద్ధకాలంలో అవీ కరువై, పశువులకు వేసే దుంపలు తిని బతికారట. మాతోపాటు మ్యూజియం చూడ్డానికి వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకుని గుండెల నిండా వాసన పీలుస్తున్నారు. ఒకాయన పాపను ఎత్తుకుని గోడ దగ్గర ముక్కు పెట్టించాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఈ వాసన మీద ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదా అండీ?" అని ఉమ తన కొత్త జర్మన్‌లో అడిగింది.

"చెయ్యకేం? మా అమ్మ టౌన్ స్కూల్లో చదివింది. చేపల కంపని తనని తలుపు పక్కన ఒక్కదాన్నే కూర్చోబెట్టేవాళ్ళు. ఇప్పుడు అదే వాసనకి టికెట్ అమ్ముతున్నాం. చూడ్డానికి అమ్మ లేదు."

బయట కొట్లో ఏడు యూరోలకు ఒక పొగ చేప కొన్నాం. ఇంటికి తీసుకెళ్దామన్నాను.

"వద్దండి, ఇక్కడే తినేద్దాం. ఇంట్లో ఈ పొట్లం విప్పితే మళ్ళీ ఆయనొచ్చి గుమ్మంలో నిలబడతాడు" అంది.

గాలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే బెంచీ మీద కూర్చుని తిన్నాం. చాలా రోజుల తర్వాత ఉమ కడుపునిండా తినడం చూశాను. ముల్లు కూడా వదల్లేదు.

చలిదేశపు తిండి చరిత్ర అంటే ఆకలిని గెలిచినవాళ్ళ చరిత్ర అని ఆ మ్యూజియంలో రాసిపెట్టారు. కాదనను. తిన్నవాళ్ళు పోయాక, వంట ఆగిపోయాక, ఏ వాసనైనా అందరికీ ముద్దొస్తుంది. బతికున్నవాళ్ళు వండుకుంటేనే పేచీ. మా నెత్తళ్ళకు ఆ గౌరవం దక్కేనాటికి మేమెవరమూ ఉండం.

వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. చేప వాసన పోయేలా చేతులు రుద్దుకోవడానికి నిమ్మచెక్క వెంట ఉంచుకోండి. మాకు తోచలేదు. తిరుగు రైల్లో విట్టెన్‌బర్గె దాకా ఉమ కోటు జేబుల్లోంచి చేతులు బయటికి తియ్యలేదు.