మూడో అంతస్తులో నా ప్రమాణం

ఆ మధ్యాహ్నం ప్రాణాలతో బయటపడతానని నేననుకోలేదు. బయటపడ్డాను. పరువు మాత్రం అక్కడే, అల్ అజీజియా పేటలోని ఒక మూడో అంతస్తులో ఉండిపోయింది. అది ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, కానీ కాస్త జాలిగా నవ్వుకోండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. సౌదీలోని అల్ ఖోబర్ వచ్చి మూడు వారాలు. కడప నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఖైరున్ ఆపా నన్ను తమ మహిళా సేవా సంఘంలో చేర్చుకుంటానంది. ఆసుపత్రిలో దిక్కులేకుండా పడి ఉన్నవాళ్ళకు, ఇళ్ళల్లో పనిచేస్తూ ఇబ్బంది పడే ఆడవాళ్ళకు సాయపడే సంఘం అది. చేరాలంటే చిన్న తంతు ఉందట.

"తెల్ల దుపట్టా కప్పుకోని రా. మేమంతా ముసుగులేసుకోని కూచోనుంటాం."

"ముసుగులెందుకు ఆపా?"

"సాయం చేసే చెయ్యికి మొకమెందుకు? ఒక్కొక్కరి చేతిలో ఒక ఖర్జూరం గింజ పెట్టు. ఎడారిలో గూడా మొలిచేది అదే గదా! నడుమ దీపం పెట్టి ప్రమాణం చెయ్. అంతదాంకా ఎవరేమడిగినా నోరు తెరవొద్దు. అది పరీక్ష."

దీపమంటే బ్యాటరీ దీపం. నిజం దీపం వెలిగిస్తే బిల్డింగులో పొగ అలారం మోగుతుందట.

"ఇల్లెక్కడ?"

"బకాలా పక్క బిల్డింగు, మూడో అంతస్తు, ఎడమ తలుపు."

ఆ కిరాణా కొట్టుకు రెండు పక్కలా బిల్డింగులున్నాయని ఆపా చెప్పలేదు. నేనూ అడగలేదు. పైగా ఆ రోజు ఇసుక గాలి. పట్టపగలే లోకమంతా పసుపు నీళ్ళలో మునిగినట్టుంది. గింజలూ దీపమూ ఉన్న సంచి భుజాన వేసుకుని, కనబడిన మెట్లెక్కాను.

ఎడమ తలుపు ఓరగా తెరిచే ఉంది. గుమ్మం దగ్గర బోలెడు చెప్పులు. లోపల మాత్రం అలికిడి లేదు. పరదాలన్నీ దించేశారు. ధూపం పొగలో గోడల వెంట నల్లని ఆకారాలు కూర్చున్నాయి. కొందరి ముఖాలు ముసుగుల్లో ఉన్నాయి. పక్క గదిలోంచి సన్నని స్వరమొకటి అరబ్బీలో ఏదో చదువుతోంది, ఆగడం లేదు. "అబ్బ, ఎంత బాగా ఏర్పాటు చేశారు!" అనుకున్నాను.

ఎవరో నా చేతిలో చిన్న కప్పు కాఫీ పెట్టారు. తాగాను. అందరి తలలూ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. అంత నలుపులో తెల్ల దుపట్టా నాదొక్కటే.

"మీన్ ఇంతీ?" అని ఒక ముసలి గొంతు అడిగింది. ఎవరు నువ్వని.

పరీక్ష! నోరు బిగించాను.

మళ్ళీ అడిగింది. నేను రాతిబొమ్మని. మెల్లగా నడుస్తూ ఒక్కొక్క చేతిలో గింజ పెట్టసాగాను. ఒకావిడ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. చివర కూర్చున్న ముసలామె చెయ్యి మంచుగడ్డలా ఉంది. అది నా మణికట్టును పట్టుకుంది, వదల్లేదు. ముసుగులోంచి రెండు తడి కళ్ళు నన్నే చూస్తున్నాయి. సేవా సంఘం వాళ్ళు ఇంత భయపెట్టాలా అని ఏడుపొచ్చింది. రెండో చేత్తో దీపం నేల మీద పెట్టి మీట నొక్కాను. అది మినుకు మినుకుమంది. కళ్ళు మూసుకుని గట్టిగా అన్నాను:

"ఈ రోజు నుంచి మీ కష్టం నా కష్టం. మీ ఇంటి పని నా ఇంటి పని!"

వంటింట్లో పళ్ళెం ఢామ్మని పడింది.

"ఓరి నాయనోయ్! తెలుగా!"

పరుగెత్తుకొచ్చిన మనిషి పేరు సత్యవతి. నరసాపురం దగ్గరి పల్లె. ఆ ఇంట్లో పనిచేస్తోంది.

"ఎవరండీ మీరు? ఈ గింజలేంటండీ?"

"సంఘంలో చేరడానికి..."

"ఏ సంఘమండీ! ఈ ఇంటి పెద్దాయన పోయారండీ. ఇయ్యాల మూడో రోజు. మీ చెయ్యి పట్టుకున్నావిడ ఆయన భార్యండీ."

పిలవని పేరంటానికి వెళ్ళినవాళ్ళను చూసి ఉంటారు. పిలవని పరామర్శకు వెళ్ళి ప్రమాణం కూడా చేసినదాన్ని చూస్తున్నారు. నేల చీలితే బాగుండుననిపించింది. అది టైల్స్ నేల, చీలలేదు.

ముసలామె ఏదో అడిగింది. సత్యవతి అరబ్బీలో చెప్పింది. ఆమె కళ్ళు తుడుచుకుని, రెండు చేతులతో నా ముఖం నిమిరి, వంటింటి వైపు చూపించింది.

"ఏం చెప్పావు సత్యవతీ?"

"మీరన్నదే చెప్పానండి. మీ ఇంటి పని నా పని అంటన్నారని. మూడు రోజుల్నించి నడుం వాల్చలేదండీ నేను, ఆయ్! మీరు దేవుడు పంపినట్టే వచ్చారు."

సత్యవతి గోడకు జారబడి క్షణంలో నిద్రపోయింది. నేను దుపట్టా నడుముకు బిగించి కాఫీ కప్పులు కడగడం మొదలుపెట్టాను. కడిగినకొద్దీ వస్తూనే ఉన్నాయి. సగంలో ఫోన్ మోగింది.

"యాడుండావే?" ఖైరున్ ఆపా. "గంటసేపట్నుంచి ముసుగులేసుకోని కూచోనుండాం. ఊపిరాడక సస్తాండాం!"

"కప్పులు కడుగుతున్నాను ఆపా."

"ఎవురివి?"

"తెలీదు ఆపా."

కథంతా విన్నాక ఆపా ఒకటే దగ్గింది. నవ్వాపుకోలేకనో, కోపమాపుకోలేకనో. చివరికి, "నీకింక తంతు వద్దులే. ఆ పిల్లను బాగా నిద్దరపోనీ. మేమూ వస్తాం," అంది. వాళ్ళంతా వచ్చి, ఆ ముసలామె పక్కన కూర్చున్నారు.

కనుక చదువరులారా, కొళాయి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట లోపల ఎంత చీకటిగా ఉన్నా, ఎన్ని ముసుగులు నా వైపు తిరిగినా, ముందు నోరు తెరిచి "ఇది ఎవరిల్లండీ?" అని అడుగుతాను. అడిగాకే కాఫీ తాగుతాను.