మాస్టారి గేటు దాకా ఆటో

2023 వేసవి. మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ ఉద్యోగిగా అమలాపురంలో ఒక వీధికి పార్కింగ్ ప్రణాళిక వెయ్యాల్సి వచ్చింది. ఫిర్యాదు ఇచ్చింది రూతమ్మగారు. ఆవిడ భర్త ప్రకాశరావు మాస్టారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. వీధికి రెండువైపులా కార్లు నిలిపేయడంతో ఆటో మలుపులోనే ఆగిపోతోంది. మాస్టారు అంతదూరం నడవలేరు.

క్యారేజ్‌వే, అంటే బండి వెళ్ళడానికి మిగిలే వెడల్పు, టేపుతో కొలిచాను. ఆటో పట్టదు. నిజానికి దాదాపు ప్రతి ఇంటికీ స్టిల్ట్ ఉంది. వాహనాల కోసం స్తంభాల మధ్య ఖాళీగా వదిలే కింది అంతస్తు అది. అందులో కొబ్బరికాయల రాశులున్నాయి.

"రేటు వచ్చేదాకా కాయ ఎక్కడ పెట్టుకోమంటారండీ?" అన్నారు ఎదురింటి సత్తిబాబుగారు. "కారు వానలో తడిసినా కారేనండి. కాయ తడిస్తే మొక్కొచ్చేస్తాది."

"మరి మాస్టారో?"

"మేం లేమేంటండీ! కుర్చీలో కూచోబెట్టి ఆటో దాకా మోసేత్తన్నాం. ఒక్కరోజు మానితే అడగండి."

నిజమే. ఆయనా, మాస్టారి పక్కింటాయనా కలిసి మోస్తున్నారు. అలాంటివాళ్ళ మీద ఫిర్యాదు పెట్టినందుకు రూతమ్మగారే సిగ్గుపడుతున్నారు.

మాస్టారి వరండాలో అందరినీ కూర్చోబెట్టి మూడు ప్రతిపాదనలు చదివాను. ఒకవైపే పార్కింగ్ అంటే, ఏ వైపని తగువు. వీధి చివరి ఖాళీ స్థలం అంటే, "కారు వాకిట్లో లేకపోతే ఊళ్ళో లేమనుకుంటారండి" అన్నారు పక్కింటాయన. స్టిల్ట్ ఖాళీ చెయ్యమని నోటీసు ఇస్తామంటే, అందరూ "ఆయ్, అలాగేనండి" అన్నారు. మా వైపు అంత మర్యాదగా ఒప్పుకున్నారంటే ఆ పని జరగదు.

అప్పుడు మాస్టారు నోరు విప్పారు. "సత్తిబాబూ, మీరు మోస్తన్నారు, సంతోషమేనయ్యా. నలుగురూ మొయ్యడం ఎలాగూ ఓరోజు తప్పదు. ఈలోపు గేటు దాకా నా కాళ్ళతో నన్ను నడవనివ్వండి."

"అవేం మాటలండీ మాస్టారూ!" అన్నారు సత్తిబాబుగారు.

ఆ వారంలోనే ఆయన కాయలు తోటలో పాకకి చేరాయి, కారు స్టిల్ట్‌లోకి వెళ్ళింది. మిగతావాళ్ళూ సర్దుకున్నారు. చివరింటికి మాత్రం నోటీసే ఇచ్చాం.

మొదటిసారి ఆటో గేటు ముందుకొచ్చిన రోజు, సత్తిబాబుగారు అలవాటుకొద్దీ కుర్చీ తెచ్చారు. మాస్టారు చేతికర్ర పట్టుకుని మెట్లు దిగుతూ, "అదక్కడేసుకుని నువ్వే కూచోవయ్యా" అన్నారు.

ఏ వీధిలో ఎన్ని కార్లు పడతాయన్న లెక్క ఇప్పటికీ వేస్తాను. దానికి ముందు, ఆ వీధిలో తమంతట తాము బయటికి రాలేకపోతున్నది ఎవరో అడుగుతాను.