గుమ్మఘట్ట వాన

కాలేజీ కుర్రాళ్ళ జేబుల్లోకి ఇంకా సెల్‌ఫోన్లు చేరని ఆ రోజుల్లో, ఒక మనిషిని చూసి కుళ్ళుకోవాలంటే వాడి ఎదురుగా కూర్చుని కుళ్ళుకోవాల్సిందే. ఆ పని నేను డిగ్రీ మూడేళ్ళూ శ్రద్ధగా చేశాను. (అందులో సగం శ్రద్ధ చదువు మీద పెట్టినా బాగుపడేవాణ్ని.) అనంతపురం హాస్టల్లో నా పక్క మంచం వాడిది కర్ణాటక సరిహద్దులో ఉన్న గుమ్మఘట్ట. అందరం వాణ్ని ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళం. తెలుగులో మొదలుపెట్టిన మాటను కన్నడంలో ముగించేవాడు. అయినా క్లాసులో మొదటి మార్కు వాడిదే, రెండోది నాది. వాడి మీద నేను గెలిచింది ఒక్కసారే. మొదటి రోజు కాలేజీ నియమాలు చదవమని ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు. "ఇతరుల రికార్డు చూసి రాసినచో, చూచుటకు ఇచ్చినచో, ఇరువురి రికార్డులూ రద్దు చేయబడును" అని మైకులో గణగణమని చదివింది నేనే. చప్పట్లు కూడా కొట్టారు.

రెండో ఏడు పర్యావరణం అని కొత్త పేపరొకటి వచ్చి పడింది. వేసవి సెలవుల చివరి ముప్పై రోజులూ ఎవరి ఊళ్ళో వాళ్ళు ఎండ, గాలి, వాన గమనించి రికార్డు రాయాలి. దాని మీద సారు సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. కొత్తచెరువు దగ్గర మా ఊళ్ళో ముప్పై రోజులూ చుక్క రాలలేదు. వాన లేదు, వాన లేదు అని ముప్పైసార్లు ఏం రాస్తాంలే అని పుస్తకమే తెరవలేదు. తీరా హాస్టలుకొచ్చి చూస్తే గుమ్మఘట్ట రికార్డులో పద్దెనిమిదో రోజు వాన! గంటసేపట! ఆ ఒక్క పేజీ చూసేసరికి నా కడుపు భగ్గుమంది. మార్కులు వాడికే, చేతిరాత వాడికే, చివరికి ఆకాశంలో మోడాలు కూడా వాడికేనా? అడగ్గానే రికార్డు చేతిలో పెట్టాడు మహానుభావుడు.

"రాసుకోప్పా, దానికేముండాది. ఎండ, గాలి అంతా రాసుకో. ఆ వాన మటుకు వద్దు. అది మా ఊరిది" అన్నాడు.

ఓహో, మార్కులు తెచ్చే పేజీ దాచుకుంటున్నాడన్నమాట, అనుకున్నాను. ఆ మంటలో వాడి ఊళ్ళో గంట కురిసిన వానను మా ఊళ్ళో గంటన్నర కురిపించాను. ఆ పేపరు చెప్పే సారుదీ మా ఊరే. ఆయన చేనూ మా చేనూ గట్టు ఆనుకునే ఉన్నాయని నాకు తెలియదా అంటే, బాగా తెలుసు. (కుళ్ళు పట్టినవాడికి గట్లు గుర్తుంటాయా?)

వారం తర్వాత సారు క్లాసులో నా రికార్డు పట్టుకుని నిలబడ్డారు. "ఏమప్పా, పద్దెనిమిదో దినం మీ ఊళ్ళో గంటన్నర వానా?"

"అవున్సార్."

"మీ చేనికీ నా చేనికీ నడుమ గట్టే కదా ఉండేది? నా చేని మీద గొడుగు పట్టింటిరా?"

క్లాసంతా గొల్లుమంది. సారు మాత్రం నవ్వలేదు. "శెనక్కాయ విత్తనం ఒలిపించి పెట్టుకుని నెల దినాలుగా మోడాలకేసి చూస్తాండా. ఏ అబద్ధమైనా రాయి. వాన అబద్ధం రాస్తారప్పా ఎవురైనా?" అన్నారు. నవ్వులు టక్కున ఆగిపోయాయి. అందరం రైతుల బిడ్డలమే కదా. "చెప్పు, ఎవురి వాన ఇది?"

పేరు చెబితే వాడి రికార్డూ రద్దు. నియమం మైకులో చదివినవాణ్ని నేనే. సిగ్గు విడిచి చెబుతున్నాను, పోతే ఇద్దరివీ పోనీలే అని ఒక్క క్షణం నా మనసు తియ్యగా మూలిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీలో గుమ్మఘట్ట లేచాడు.

"మాది సార్. నేనే ఇచ్చినా."

"నిజంగానే పడినాదా?"

"పడినాది సార్."

"విత్తేదానికి నేల పదునైనాదా?"

"జానెడు దిగినాది సార్. మరుసటి దినమే విత్తినాం."

"అదృష్టవంతులప్పా" అన్నారు సారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. ఇక క్లాసంతా వాడి చుట్టూ మూగింది. మొలకొచ్చిందా, చెరువులోకి నీళ్ళు చేరినాయా అని ఒకటే ప్రశ్నలు. దొంగతనం చేసి దొరికినవాణ్ని నేను, స్తంభంలా నిలబడే ఉన్నాను, నావైపు చూసే నాథుడే లేడు. దొరికిపోయినా పేరు వాడికేనా అని అక్కడే మళ్ళీ కుళ్ళుకున్నాను.

చివరికి సారు, "రూలు రూలే" అని ఇద్దరివీ కొట్టేశారు. కాలేజీ గ్రౌండులో వాన నీళ్ళు పట్టే డబ్బా పెట్టి, ముప్పై రోజులు పొద్దున్నే ఇద్దరూ కొలిచి రాయాలన్నారు. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. మొదటి రోజు డబ్బాలోకి తొంగి చూసి, "మంచి వానప్పా అది. పుస్తకంలో లేకుండా పాయె" అన్నాడంతే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముప్పై రోజులూ ఒకే డబ్బా చూశాం, వాన లేదు అని ఒకే మాట రాశాం. సంతకాలు పడ్డాయి. వాడికి రెండు మార్కులు ఎక్కువ పడ్డాయి. (ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.)

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. మొదటి రోజు ఆ నియమం చదివేటప్పుడు ఎందుకో గొంతు అంత గణగణమనదు. వాడు ఊళ్ళోనే సేద్యం చేసుకుంటున్నాడు. వాన పడితే చాలు, ఫోను చేస్తాడు. "ఈడ పడినాదప్పా! ఈసారి రాసుకో, ఏమీ అనను" అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఫోను పెట్టేశాక కడుపులో ఆ పాత మంట మెల్లగా లేస్తుంది. ఎవరూ చూడకుండా మిద్దె ఎక్కి, గోడ పక్కన నేను పెట్టుకున్న డబ్బాలోకి తొంగి చూస్తాను. పొడిగానే ఉంటుంది.