మొదట పీల్చిన ఇద్దరం

అక్కకు ఊపిరితిత్తిలో బూజు పట్టిందని డాక్టరు చెప్పినప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రొట్టెకు పట్టే బూజు తెలుసు, తడిగోడకు పట్టే బూజు తెలుసు. మనిషి లోపల కూడా పడుతుందని మాకు తెలియదు. అక్కకు చిన్న వయసులో టీబీ వచ్చి తగ్గింది. తగ్గిన చోట ఒక గుంత మిగిలిపోయిందట. అందరం పీల్చే గాలిలోనే ఉండే బూజు, ఆమెకు మాత్రం ఆ గుంతలో చేరి కూచుందట.

అక్క శంషాబాద్ పక్కనున్న సాతంరాయిలో బ్లౌజులు కుడుతుంది. మిషన్ తొక్కుతూ తొక్కుతూ దగ్గు తెర వచ్చి ఆగిపోయేది. ఒక్కోసారి రక్తం పడేది. వాడిన మాత్రలు కొంత పనిచేశాయి గానీ కాలేయాన్ని దెబ్బతీయడం మొదలుపెట్టాయి, ఆపేశారు.

నేను శంషాబాద్‌లో ఒక బడిలో పీఈటీని. పిల్లలు డ్రిల్లు టీచర్ అంటారు. పొద్దున లేచి పరుగెత్తకపోతే నాకు రోజు మొదలైనట్టే ఉండదు. అలాంటి నేను అక్క పక్కన కూచుని ఆమె దగ్గు వినడం తప్ప చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఒకసారి దవాఖానలో అక్కను చూసే డాక్టరే మాటల్లో చెప్పాడు. ఈ బూజుకు కొత్త మందు ఒకటి తయారైందట. మింగేది కాదు, పొడిలా పీల్చేది. నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది కాబట్టి కాలేయానికి అంత బాధ ఉండకపోవచ్చట. ఎయిర్‌పోర్టు దారిలో ఉన్న ఒక పరిశోధన కేంద్రంలో దాన్ని మొదటిసారి మనుషుల మీద పరీక్షించబోతున్నారు. అక్కకు ఇప్పిస్తారా అని అడిగాను. రోగులకు ఇప్పుడే ఇవ్వరని, ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు పీల్చి తట్టుకుంటారో లేదో చూస్తారని చెప్పాడు. అయితే నేను వెళ్లొచ్చా అని వెంటనే అడిగేశాను.

అక్క ససేమిరా అంది.

"నాకొచ్చింది చాలదా? మంచిగున్న ఊపిరితిత్తులల్ల ఎవరికీ తెల్వని పొడి పోసుకుంటనంటవేందే?"

కొన్నాళ్లు నాతో మాట్లాడటం మానేసింది. తరువాత తనే ఫోన్ చేసి, పోతే పో గానీ ఏదన్నా అయితే నా దగ్గర దాయకు అంది.

వేసవి సెలవుల్లో ఆ కేంద్రానికి వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ కోస్తా ఆవిడ, నెమ్మదిగా, పుస్తకంలో మాటల్లా మాట్లాడేది. నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పింది:

"అమ్మా, ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఈ మందు వల్ల మీకు ఏ మేలూ జరగదు. ఏదైనా ఇబ్బంది కలగవచ్చు. రేపు ఇది మీ అక్కగారికి అందుతుందని కూడా నేను మాట ఇవ్వలేను. వద్దనిపిస్తే ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు."

అర్థమైందన్నాను. నిజంగానే అర్థమైంది. అయినా గుండె మాత్రం పరుగుపందెం ముందు కొట్టుకున్నట్టు కొట్టుకుంది.

పరీక్షలన్నీ చేశారు. గొట్టంలోకి బలంగా ఊదమన్నప్పుడు నేను ఊదిన తీరు చూసి అక్కడి అమ్మాయి మళ్లీ ఊదించింది, యంత్రం తప్పు చూపిస్తోందేమోనని.

మొదటి రోజు మందు పీల్చేది ఇద్దరమే. నేను, ఎయిర్‌పోర్టు రోడ్డు మీద పంక్చర్ల దుకాణం నడిపే ఒకాయన. శంషాబాద్ పాతబస్తీలో ఉండే సాయిబు, నాకంటే చిన్నవాడు. మాలో ఒకరికి అసలు మందు, ఇంకొకరికి చూడటానికి అలాగే ఉండే ఉత్త పొడి. ఎవరికి ఏది అన్నది మాకూ తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు. మేమిద్దరం మరుసటి రోజు దాకా క్షేమంగా ఉంటేనే మిగతావాళ్లకు ఇస్తారు.

ఆ పొద్దున చేతికి రక్తం తీసే సూది పెట్టి, ఛాతీ మీద తీగలు అంటించి, పీల్చే డబ్బీ నా చేతికిచ్చారు. ఊపిరంతా వదిలి, పెదవులు బిగించి, గట్టిగా పీల్చి పట్టి ఉంచాను. ఇంతవరకూ ఏ మనిషీ పీల్చని మందు ఇప్పుడు నా లోపల ఉందేమో అనుకున్నాను. నాలుక మీద సన్నగా తీపి తగిలింది. గొంతులో గరగర. దగ్గాను. గదిలో అందరూ నా వైపు చూశారు. అంతే, ఇంకేమీ కాలేదు. కాసేపటికి పక్క గదిలో ఆయన కూడా దగ్గడం వినిపించింది.

మందు సంగతి మీలో మీరు మాట్లాడుకోవద్దని చెప్పే ఉన్నారు. కానీ అన్నం దగ్గర ఆయన ఊరుకోలేకపోయాడు.

"టీచరమ్మా, అసలుది నాకే పడ్డది సూడు," అన్నాడు మెల్లగా.

కాదు నాకే అన్నాను. ఇద్దరం పంతం పట్టిన పిల్లల్లా నవ్వుకున్నాం. కిటికీ అవతల విమానాలు దిగుతూనే ఉన్నాయి. అక్కకు ఫోన్ చేసి బాగానే ఉన్నానని చెబితే, ఆమె నమ్మక, వీడియోలో మొహం చూపించమంది.

మరుసటి రోజు మిగతావాళ్లకు ఇచ్చారు. ఆ తరువాత కొత్తవాళ్లు వచ్చారు, మోతాదు పెంచారు. మేం ఇళ్లకు వచ్చేశాం. నాకు అసలు మందే పడిందని స్టాఫ్‌రూమంతా చెప్పుకున్నాను.

పరీక్ష మొత్తం ముగిశాక మమ్మల్ని పిలిచి ఫలితం చెప్పారు. మందు రక్తంలో కొద్దిగానే కనిపించింది, ఊపిరితిత్తుల్లో మాత్రం బాగా చేరింది. ఎవరికీ పెద్ద ఇబ్బంది కలగలేదు. ఎప్పుడూ గొంతు పెంచని డాక్టరమ్మ ఆ రోజు మాటలు తడబడేంత సంతోషంగా ఉంది. అసలు మందు పడింది పంక్చర్ల దుకాణం ఆయనకు. నాది పాలల్లో ఉండే చక్కెర లాంటి పొడి.

ఒక్క క్షణం మొహం మాడిపోయింది. డాక్టరమ్మ అది గమనించింది. "ఉత్త పొడి పీల్చినవాళ్లూ దగ్గారు కాబట్టే, ఆ దగ్గు మందు వల్ల కాదని మాకు తెలిసింది," అంది. అప్పుడు నవ్వొచ్చింది. అక్కకు చెబితే పడీపడీ నవ్వి, "చక్కెర తిననీకి పోయి నన్ను గింత పరేషాన్ చేసినవా?" అంది.

తరువాత రోగుల వంతు వచ్చింది. ఈసారి ఉత్త పొడి లేదు, అందరికీ మందే. పరీక్షలు చేసి అక్కను తీసుకున్నారు. మొదటిసారి పీల్చే రోజు, నేను చెప్పానని, పంక్చర్ల ఆయన దుకాణం మూసి కేంద్రం గేటు దగ్గరికి వచ్చాడు.

"భయపడకు అక్కా. నేను పీల్చిన. జర దగ్గొస్తది, అంతే," అన్నాడు.

అక్క ఆయన్ను కిందనుంచి మీది దాకా చూసింది. "నువ్వు మంచిగనే ఉన్నవు గద తమ్మీ," అని లోపలికి నడిచింది.

ఇప్పుడు రక్తం పడటం ఆగింది. దగ్గు ఇంకా ఉంది. లోపలి బూజు తగ్గిందో లేదో చూడందే చెప్పలేమంటున్నారు. వచ్చే వారం స్కానింగు. నేను ఇప్పటికే సెలవు పెట్టేశాను. అక్క కంటే నాకే తొందరగా ఉంది.